దుంప మొక్కలకు 19:19:19 వాడితే ఏమవుతుంది?

తిరుపతిలో మా మిద్దెతోట కుండీల్లో లిల్లీ (నేల సంపెంగ), ఎమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ ఉన్నాయి. వీటికి కొన్నేళ్లుగా నీటిలో కరిగే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం ఉండేది) వాడుతున్నాను. ఆకు పెంచడంలో దీనికి వంక పెట్టలేను. పూల సంగతి వేరు, అక్కడ మోతాదే అన్నీ తేలుస్తుంది.

ఒకే పరిమాణంలో ఉన్న లిల్లీ దుంపలను వేర్వేరు కుండీల్లో నాటి చూశాను. ఎరువు వేయని కుండీలో ఆకు పాలిపోయి, పూకాడ పొట్టిగా వచ్చింది. లీటరు నీటికి రెండు గ్రాములు కలిపి పదిహేను రోజులకోసారి పోసినచోట కాడ బలంగా లేచింది, మొగ్గలూ దండిగా వచ్చాయి. ఐదు గ్రాములు పోసిన కుండీని చూస్తే ఎవరైనా ముచ్చటపడాల్సిందే, అంత ఒత్తుగా పెరిగింది ఆకు. కాడ మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. పైగా ఆకుల కొనలు మాడాయి, మట్టి మీద తెల్లటి పొర కట్టింది. మా బోరు నీళ్లలో అసలే లవణాలు ఎక్కువ, ఆపైన ఇంత ఎరువు కుండీ తట్టుకోలేదు. పొలంలో పిచికారీకి చెప్పే మోతాదును కుండీ మొదట్లో పోయకూడదు.

నత్రజని మితిమీరితే మొక్క ఆకులు పెంచుకుంటూ పోతుంది, దుంపలో గట్టిదనం తగ్గి కుళ్లు సులభంగా పడుతుంది. అందుకే కాడ వచ్చే సమయానికి 13:0:45కు, అంటే నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉండే పొటాషియం నైట్రేట్‌కు మారుతున్నాను. కాడలు వాలిపోవడం తగ్గింది.

ఎమరిల్లిస్‌కు పూత సమయంలో ఎరువు పోయడం దండగ. ఆ మొగ్గ నెలల ముందే దుంప లోపల తయారై ఉంటుంది. పూలు వాడాక, ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ పోస్తే అది వచ్చే పూతకు పనికొస్తుంది. పూలు అయిపోయాయని ఆకులు కోసేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! ఫుట్‌బాల్ లిల్లీకి కూడా ఇదే పద్ధతి, చలికాలంలో ఆకు ఎండి నిద్రపోయాక ఎరువు, నీరు రెండూ ఆపేయాలి. అక్టోబరు, నవంబరు వానల్లో ఏ దుంపకూ ఎరువు పోయను, సగం కొట్టుకుపోతుంది.

19:19:19 పొడికి తేమ తగిలితే గడ్డకడుతుంది, బిగుతు మూత డబ్బా తప్పనిసరి. దుంప మొక్కల కోసమే అయితే చిన్న ప్యాకెట్ చాలు, మిగిలిన డబ్బుతో 13:0:45 తెచ్చుకోండి.