కో-పైలట్‌కు ఏది మేలు: వైడ్‌బాడీయా, నారోబాడీయా?

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి, ఎయిర్‌లైన్ ఎంపిక పరీక్షలకు సిద్ధమవుతున్న తెలుగు యువతీ యువకులు ఈమధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మధ్యలో ఒకే నడవ ఉండే నారోబాడీ, అంటే ఎయిర్‌బస్ 320 (ఏ320) వంటి విమానం మీద కో-పైలట్‌గా చేరడం మంచిదా, అవకాశం దొరికితే నేరుగా రెండు నడవల పెద్ద వైడ్‌బాడీ, అంటే బోయింగ్ 787 లేదా 777 మీదికి వెళ్ళడం మంచిదా అని. పెద్ద విమానం, దూరదేశాలు, మెరుగైన అలవెన్సులు ఉంటాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకు రెండో దారే గొప్పగా కనిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. అయినా మొదటి ఉద్యోగం విషయంలో నా మొగ్గు నారోబాడీ వైపే.

ముందుగా ఖాళీలు ఎక్కడ రాబోతున్నాయో చూద్దాం. 2023లో ఎయిరిండియా ప్రకటించిన 470 విమానాల ఆర్డరులో 400 నారోబాడీలే. వైడ్‌బాడీలు 70 మాత్రమే. అదే ఏడాది ఇండిగో ఆర్డరిచ్చిన 500 విమానాలూ ఏ320 కుటుంబానివే. ఆకాశ ఎయిర్ ఆర్డర్లన్నీ బోయింగ్ 737 మ్యాక్స్‌లే. దీనికి తోడు, 2025 నవంబరులో పూర్తిగా అమల్లోకి వచ్చిన కొత్త డ్యూటీ నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచాయి, రాత్రి ల్యాండింగులను బాగా తగ్గించాయి. అన్నే విమానాలు నడపడానికి మునుపటికంటే ఎక్కువ మంది పైలట్లు కావాలన్న సంగతి, డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేయవలసి వచ్చినప్పుడు దేశమంతటికీ తెలిసింది. సంఖ్యలో ఎక్కువ దేశీయ సర్వీసులే కనుక ఈ అవసరం కూడా నారోబాడీల్లోనే ఎక్కువ.

అయితే నా దృష్టిలో అసలు విషయం నియామకాల సంఖ్య కాదు, ఎడమ సీటు, అంటే కమాండర్ (కెప్టెన్) స్థానం. పైలట్ వృత్తిలో జీతమూ, గౌరవమూ, మరో దేశంలో ఉద్యోగం అడిగే హక్కూ కమాండర్‌గా ఎగిరిన గంటలతోనే వస్తాయి. కమాండర్ కావడానికి అవసరమైన ఏటీపీఎల్ లైసెన్సుకు 1500 గంటలు కావాలని అందరికీ తెలుసు. ఆ గంటలు ఎలా నిండుతున్నాయన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పదహారు గంటల ప్రయాణంలో నలుగురు పైలట్లు వంతులవారీగా పనిచేస్తే, దిగేటప్పుడు విమానాన్ని నడిపేది ఒక్కరే. నెలంతా తిరిగినా కొత్త కో-పైలట్ చేతికి వచ్చే ల్యాండింగులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఏ320 మీద రోజుకు నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి మరో ఊరికి ఒక్కో ప్రయాణం) పడితే సాధారణంగా వాటిలో రెండు తనవే. విశాఖపట్నమే చూడండి: చుట్టూ కొండలు, పక్కనే సముద్రం, నౌకాదళం అధీనంలోని రన్‌వే. వర్షాకాలం సాయంత్రం అక్కడికి దిగుతూ, గాలి వాటం మారితే ఇంకొకసారి ప్రయత్నించాలా, హైదరాబాద్‌కు తిరిగి రావాలా, ఇంధనం ఎంత మిగులుతుందన్న లెక్కను కెప్టెన్ పక్కన కూర్చుని తానూ కట్టిన కో-పైలట్, నిర్ణయం తీసుకోవడమంటే ఏమిటో ఒక్క సీజన్‌లోనే నేర్చుకుంటాడు. కమాండర్‌గా పదోన్నతికి ముందు జరిగే కమాండ్ చెక్‌లో పరీక్షించేది ఆ నిర్ణయ శక్తినే.

సీనియారిటీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదోన్నతి వంతును నిర్ణయించే ఆ జాబితాలో స్థానం ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి వెంట రాదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు, ఆ సంస్థ నడిపిన నారోబాడీ 737లు కొన్ని స్పైస్‌జెట్‌కు చేరడంతో వాటి పైలట్లలో చాలామందికి అక్కడ దారి దొరికింది. 777 పైలట్ల పరిస్థితి వేరు; ఆ విమానాన్ని దేశంలో నడిపే సంస్థ ఎయిరిండియా ఒక్కటే మిగిలింది. కమాండ్ గంటలు లేని కో-పైలట్‌కు అటువంటి రోజు ఎంత గడ్డుదో, ఇల్లో పొలమో తాకట్టు పెట్టి శిక్షణకు కోటి రూపాయల దాకా ఖర్చు చేసిన కుటుంబాలు ముందే ఆలోచించుకోవాలి. వైడ్‌బాడీ సర్వీసులు రాజకీయ కారణాలతోనూ తగ్గుతాయి. పాకిస్థాన్ గగనతలం మూతపడటం, 787ల ఆధునికీకరణ పనులు కలిసి రావడంతో 2025 సెప్టెంబరులో ఎయిరిండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఆపేసింది.

వైడ్‌బాడీ వైపు న్యాయంగా చెప్పవలసినవీ ఉన్నాయి. నెలకు డ్యూటీలు తక్కువ, వరుస సెలవులు ఎక్కువ. మహాసముద్రాల మీది విధానాలు, రకరకాల దేశాల ఏటీసీలతో (విమాన రాకపోకలను నియంత్రించే కేంద్రాలతో) పని చిన్న వయసులోనే అలవడతాయి. రోజుకు నాలుగు టేకాఫ్‌లు, తెల్లవారుజాము రిపోర్టింగులు కొందరి ఆరోగ్యానికి సరిపడవు. జెట్‌లాగ్‌ను తట్టుకునే శరీరం ఉండి, కమాండ్ ఆలస్యమైనా ఫర్వాలేదనుకునేవారికి అది మంచి జీవితమే. కాని ఆ ముచ్చట తర్వాతైనా తీరుతుంది. ఇండిగో కూడా వైడ్‌బాడీ ఏ350లకు ఆర్డరిచ్చింది కనుక, నేడు ఏ320లో కమాండ్ సంపాదించినవారికి రేపు అటు వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. వైడ్‌బాడీలో కో-పైలట్‌గా కుడి సీటులో ఏళ్ళు గడిచాక కమాండ్ కోసమే నారోబాడీకి దిగిరావడం అంతకంటే కష్టం.

ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) మీద చేరడం, ఏమీ దొరకనప్పుడు ఖాళీగా కూర్చోవడం కంటే ఎంతో మేలు. గల్ఫ్ విమాన సంస్థల సంగతి జెట్ విమానం మీద తగినన్ని గంటలు వచ్చాక ఆలోచించవచ్చు.

ఏ ఆఫర్ వచ్చినా సంతకం చేసేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా పదోన్నతి) వంతు కంపెనీ మొత్తం సీనియారిటీ మీదా, ఆ ఫ్లీట్ (ఒకే రకం విమానాల సముదాయం)లోని సీనియారిటీ మీదా, ఒక ఫ్లీట్‌లో చేరితే ఎన్నేళ్ళు కదలకూడదు, బాండ్ (గడువుకు ముందే మానేస్తే కంపెనీకి కట్టవలసిన సొమ్ము) మొత్తం ఏటా తగ్గుతుందా లేదా. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం కో-పైలట్‌కు ఆరు నెలలు, కమాండర్‌కు ఏడాది నోటీసు ఉంటుంది కనుక, చేరిన తర్వాత మనసు మార్చుకున్నా వెంటనే బయటపడటం కుదరదు.