వంగే ఆర్గానిక్ సోలార్ సెల్‌కి వై6 లాంటి చిన్న మాలిక్యూలా, పాలిమర్ యాక్సెప్టరా? ఏది మేలు?

ఆర్గానిక్ సోలార్ సెల్ (సిలికాన్ బదులు కార్బన్ ఆధారిత పదార్థాలతో చేసేది) అనగానే అందరూ ముందు అడిగేది ఎఫిషియెన్సీ ఎంత అని, అంటే పడిన వెలుగులో ఎంత శాతం కరెంటుగా మారుతుందని. యాక్సెప్టర్‌గా, అంటే ఎలక్ట్రాన్లని అందుకునే పదార్థంగా, ఫుల్లరీన్లు (బంతి ఆకారపు కార్బన్ మాలిక్యూల్స్) వాడినన్నాళ్లూ 11, 12 శాతం దగ్గరే ఆగిపోయాం, 2019లో వై6 అనే ఫుల్లరీన్ కాని యాక్సెప్టర్ వచ్చి 15.7 శాతం చూపించాక లెక్కే మారిపోయింది, ఇప్పుడు ల్యాబ్‌లో గాజు మీద చేసే చిన్న సెల్స్ 19 శాతం కూడా దాటేశాయి. సంతోషమే. కానీ రోజూ వంగాల్సిన సెల్‌కి ఆ గాజు మీది నంబర్ చూసి మెటీరియల్ ఎంచుకోకూడదని గట్టిగా అంటాను.

ఎందుకంటే కరెంటు పుట్టే పొర మందం దాదాపు 100 నానోమీటర్లే, అందులో పీఎం6 లాంటి డోనర్ పాలిమర్ (ఎలక్ట్రాన్లని ఇచ్చే పొడవాటి గొలుసు మాలిక్యూల్), వై6 లాంటి యాక్సెప్టర్ కలిసిపోయి ఉంటాయి. వై6 చిన్న మాలిక్యూల్, చక్కగా పేర్చుకుని క్రిస్టల్ అవుతుంది కాబట్టి ఛార్జ్ బాగా నడుస్తుంది, అదే గుణం వల్ల ఫిల్మ్ పెళుసుగా తయారై కొంచెం సాగదీస్తే చీలుతుంది. పైగా వేడి తగిలితే ఈ మాలిక్యూల్స్ మెల్లగా కదిలి ఒకచోట గుంపు కడతాయి, మొదటి రోజు ఉన్న మిక్సింగ్ కొన్నాళ్లకి ఉండదు.

పీవై-ఐటీ లాంటి పాలిమర్ యాక్సెప్టర్లలో అదే వై6 తరహా యూనిట్లని గొలుసుగా కలుపుతారు. పొడవాటి గొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి చీలే ముందు బాగా సాగుతాయి, వేడికి కూడా అంత తొందరగా కదలవు. మరి అందరూ ఇదే వాడొచ్చు కదా అంటే, బ్యాచ్ మారితే మాలిక్యులర్ వెయిట్ (గొలుసుల పొడవు) మారుతుంది, దాంతో రిజల్ట్ మారుతుంది, రెండు పాలిమర్లు సరిగ్గా కలవడం కూడా కష్టమే. ఈ విషయంలో చిన్న మాలిక్యూలే నయం, ప్యూరిఫై చేస్తే ప్రతి బ్యాచ్ ఒకేలా వస్తుంది.

నా ఓటు మధ్యదారికి, అంటే చిన్న మాలిక్యూల్ సిస్టమ్‌లోనే కొంచెం పాలిమర్ యాక్సెప్టర్ కలిపే టెర్నరీ (మూడు పదార్థాల) బ్లెండ్‌కి. ఎఫిషియెన్సీ పెద్దగా పోగొట్టుకోకుండా ఫిల్మ్‌కి సాగే గుణం వస్తుంది. ఎక్కువ వంపులు, ఎక్కువ వేడి తప్పవనుకుంటే మాత్రం పూర్తిగా పాలిమరే, ఒకటి రెండు శాతం తగ్గినా సరే.

ఎలక్ట్రోడ్ సంగతి కూడా చూడాలి, చాలాసార్లు ముందు పోయేది అదే. ఎలక్ట్రోడ్‌గా వాడే ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక కండక్టర్) రెండు మూడు శాతం సాగితే చాలు పగిలిపోతుంది. లెక్క సింపుల్: షీట్ మందాన్ని వంపు రేడియస్‌కి రెట్టింపుతో భాగిస్తే పైపొర ఎంత సాగుతుందో వస్తుంది. 125 మైక్రాన్ల పెట్ (పీఈటీ ప్లాస్టిక్) షీట్‌ని 5 మిల్లీమీటర్ల రేడియస్‌కి వంచితే 1.25 శాతం, 2 మిల్లీమీటర్లకి వంచితే 3 శాతం దాటుతుంది, ఇంక ఐటీఓ మీద ఆశ వదులుకోవాలి. సిల్వర్ నానోవైర్లు ఈ వంపుకి తట్టుకుంటాయి గానీ పైకి పొడుచుకొచ్చిన వైరు ఆ 100 నానోమీటర్ల పొరలోంచి దూసుకెళ్లి షార్ట్ చేస్తుంది, అందుకే వైర్లని పాలిమర్‌లో ముంచి పైభాగం నున్నగా వచ్చేలా చేసినవే తీసుకోవాలి. పెడాట్ పీఎస్ఎస్ అనే కరెంటు ప్రవహించే పాలిమర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, దానికి ఆమ్ల గుణం ఉంది, తేమ కూడా పీల్చుకుంటుంది.

ఎలక్ట్రాన్ లేయర్‌కి (ఎలక్ట్రాన్లని ఎలక్ట్రోడ్‌కి చేర్చే పొరకి) జింక్ ఆక్సైడా, టిన్ ఆక్సైడా అంటే ఆలోచించకుండా టిన్ ఆక్సైడే. యూవీ తగిలితే జింక్ ఆక్సైడ్ పక్కనున్న యాక్సెప్టర్‌ని తినేస్తుంది, తప్పక వాడాల్సొస్తే ముందు యూవీ ఫిల్టర్ పెట్టుకోండి.

ఇంక నీటి ఆవిరి, అది లోపలికి చేరితే సెల్ పాడవుతుంది. గాజు ఆపినట్టు పెట్ ఆపలేదు, ఆవిరిని అడ్డుకునే బారియర్ ఫిల్మ్ తప్పనిసరి, కానీ అందులో ఉండే ఇనార్గానిక్ పొర కూడా వంచితే పగిలేదే. ఇక్కడ ఒక మంచి ఉపాయం ఉంది: కింద షీట్, పైన కవర్ ఒకే మందంలో, ఒకే గట్టిదనంతో పెడితే సెల్ సరిగ్గా మధ్యలో పడుతుంది, వంచినప్పుడు పై సగం సాగుతుంది, కింది సగం నొక్కుకుంటుంది, మధ్యలో ఉన్నదాని మీద ఒత్తిడి దాదాపు సున్నా. బారియర్ పొరని కూడా సెల్‌కి ఆనుకునేలా లోపలి వైపుకే పెట్టండి, దానికీ అదే రక్షణ దొరుకుతుంది.