ప్లాస్టిక్ సీసాలతో చేసిన రన్నింగ్ టీషర్ట్: బట్ట బాగుంది, లేబుల్ మాత్రం చదివి కొనండి

తిరుప్పూర్‌లో కుట్టిన రీసైకిల్డ్ పాలిస్టర్ టీషర్ట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఈ ఎండాకాలమంతా వాడాను. ఒక చిన్న కంపెనీది. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున ఆరింటికే ఉక్కపోత మొదలవుతుంది, కాటన్ టీషర్ట్ అయితే రెండు కిలోమీటర్లకే తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. ఇది అలా కాదు, చెమట బట్టంతా పరుచుకుని ఇట్టే ఆరిపోతుంది. చంకల దగ్గర కుట్టు చదునుగా వేశారు కాబట్టి ఎంత దూరం పరిగెత్తినా ఒరుసుకోదు. రంగు కూడా వెలవలేదు. పాలిస్టర్‌కి ఉండే చెమట వాసన దీనికీ ఉంది, విప్పిన వెంటనే నీళ్లలో జాడించేస్తే ఫర్వాలేదు.

నా గొడవంతా లేబుల్‌తోనే. అట్ట మీద పెద్ద అక్షరాలతో 'ప్లాస్టిక్ సీసాలతో చేసింది' అని వేశారు. లోపల పక్క కుట్టులో ఉన్న చిన్న లేబుల్ తిప్పి చూస్తే రీసైకిల్డ్ పాలిస్టర్ 60%, మామూలు పాలిస్టర్ 30%, ఎలాస్టేన్ (సాగే దారం) 10%. రీసైకిల్డ్ సరుకు సగం ఉన్నా జీఆర్ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్, రీసైకిల్డ్ సరుకుకి ఇచ్చే సర్టిఫికేట్) ముద్ర వేసుకోవచ్చు కాబట్టి రూల్ ప్రకారం తప్పేమీ లేదు, కానీ ఆ 60 అంకె అట్ట మీదే వేస్తే ఏం పోయింది?

సీసాలు ఏరి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి దారం తీయడానికి పెట్రోలియం నుంచి కొత్త పాలిస్టర్ తయారు చేసేదానికంటే తక్కువ ఎనర్జీ పడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. అయితే సీసాని మళ్లీ సీసాగా మార్చొచ్చు. ఎలాస్టేన్ కలిసిన ఈ టీషర్ట్‌ని మళ్లీ దారం చేయడం మాత్రం చాలా కష్టం, చిరిగాక చివరికి డంపింగ్ యార్డుకే పోతుంది. పైగా రీసైకిల్డ్ అయినా కాకపోయినా పాలిస్టర్ ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి. అమెరికా బట్టల కంపెనీ పటగోనియా 1993లోనే సీసాల నుంచి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే బట్ట) జాకెట్లు చేసింది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో బ్రెజిల్, పోర్చుగల్ లాంటి జట్లకి నైకీ ఇచ్చిన జెర్సీల్లో ఒక్కోదానికి 8 సీసాల దాకా పట్టాయి. ఇన్నేళ్లయినా అందరూ సీసాల గురించే చెప్తున్నారు, పాత జెర్సీ నుంచి కొత్త జెర్సీ చేసే మాట ఎత్తేవాళ్లు తక్కువ. నాకు కావలసింది అది.

అద్దకం ఎక్కడ చేయించారని కస్టమర్ కేర్‌ని అడిగాను. "అన్నీ ఎకో ఫ్రెండ్లీనే అండీ" అన్నారు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అద్దకం నీళ్లతో నొయ్యల్ నది పాడైపోయిందనే కదా 2011లో మద్రాస్ హైకోర్టు తిరుప్పూర్ డైయింగ్ యూనిట్లని మూయించింది! ఆ తర్వాత అక్కడివాళ్లు ఖర్చు పెట్టుకుని, చుక్క నీరు బయటికి వదలకుండా శుద్ధి చేసే ప్లాంట్లు నడుపుతున్నారు. అలాంటి చోట అద్దించి ఉంటే ఆ సంగతి గర్వంగా లేబుల్ మీద వేసుకోవాలి, నాలాంటివాళ్లు ఇంకో వంద ఎక్కువైనా ఇచ్చి కొంటారు.

ఐదుకి మూడున్నర స్టార్లు. సైజు కాస్త బిగుతుగా వస్తుంది, మీరు ఎప్పుడూ తీసుకునేదానికంటే ఒకటి పెద్దది తీసుకోండి. ఉతికేటప్పుడు చన్నీళ్లు చాలు, ఫాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, వేస్తే చెమట లాగే గుణం పోతుంది.