నూటెనిమిదా, పన్నెండా? మూడు జాతరల తర్వాత

మా ఇంట్లో రెండు ఫోన్లకు వాటి మెగాపిక్సెళ్లే పేర్లు. నేను 2021లో కొన్నది నూటెనిమిది, మా ఆవిడ 2022 చివర్లో తీసుకున్నది పన్నెండు. "నూటెనిమిది ఎక్కడ?" అని నేను కేకేస్తే పక్కింటివాళ్లు అంబులెన్స్ కోసమనుకుని ఓసారి బయటికొచ్చారు కూడా. తిరుపతిలో మూడు గంగమ్మ జాతరలు ఈ రెండింటితోనూ తీశాను.

కాగితం మీద నాదే గొప్ప. దాని సెన్సర్, అంటే లోపల వెలుతురును పట్టే పలక, 1/1.52 అంగుళం, ఆమెది 1/2.55. ఈ లెక్కలో కింది అంకె తగ్గేకొద్దీ సెన్సర్ పెద్దదని అర్థం. 108 మాత్రం పెట్టె మీది మాట. మామూలుగా నొక్కితే తొమ్మిదేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి అదీ 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. కొన్న ఆర్నెల్లకు గానీ నాకీ సంగతి తెలియలేదు. ఆమె ఫోన్ వచ్చాక కూడా చాలా రోజులు చెప్పలేదు.

ఇక జాతర, అంటే భక్తులు రోజుకో వేషం కట్టే వారం. కెమెరాలను పరీక్షించే రంగుల అట్ట ఆ వారం మా వీధిలో నడిచొస్తుంది. బైరాగి వేషానికి తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. పైన మే నెల ఎండ. మా మేనల్లుడు బండ వేషం కట్టినప్పుడు నూటెనిమిది వాడి ముఖాన్ని ఒక్క ఎర్రటి ముద్ద చేసేసింది. ముక్కేదో బుగ్గేదో తెలియలేదు. స్క్రీన్ మీద తాకి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాక కుంకుమలో చెమట కారిన చారలు బయటపడ్డాయి. పన్నెండుకు ఆ అవస్థ లేదు. వరుసగా కొన్ని ఫ్రేములు కాస్త చీకటిగా తీసి కలుపుకుంటుంది, ఎరుపు నిలబడుతుంది. కానీ నీడల్ని పైకి లేపే అలవాటు దానిది. తోటి వేషంలో వాడి బొగ్గు బూడిదైపోయింది. "ఏం మామా, నేను స్నానం చేసినట్టున్నానే" అన్నాడు.

సాయంత్రమైతే పోటీయే లేదు. వానాకాలంలో కపిలతీర్థం దగ్గర చీకటి పడే వేళ నూటెనిమిదితో పది తీస్తే ఆరు అలుక్కుపోయాయి. దానికి ఓఐఎస్ లేదు, అంటే చేయి వణికితే లెన్స్ సర్దుకోదు. పన్నెండుకు ఉంది. సెన్సర్ చిన్నదైనా అక్కడ అదే గెలిచింది.

పట్టపగలు గోవిందరాజస్వామి గోపురం ముందు మాత్రం నూటెనిమిదిని పిక్సెళ్లు కలపని పూర్తి 108 మోడ్‌లో పెట్టి చూడండి. పెద్దది చేస్తూ పోతే పై అంతస్తు బొమ్మల వేళ్లు కూడా కనిపిస్తాయి. ఫైళ్లు బరువు, మెమరీ ఊరికే నిండుతుంది. రాత్రి మిద్దె మీద నుంచి కొండ మీది గాలిగోపురం దీపాలు జూమ్ చేయాలంటే రెండూ దండగే, దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్స్ దేనికీ లేదు. పోర్ట్రెయిట్ రెండింటిలోనూ పరవాలేదు.

మూడో ఏడు నూటెనిమిదిలో వీధి దీపాలకు పొడుగాటి తోకలు రావడం మొదలైంది. టెన్షన్‌పడి ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే కెమెరా మార్చాలన్నారు. ఇంటికొచ్చాక మా ఆవిడ కళ్లద్దాల గుడ్డతో కెమెరా అద్దం తుడిచింది. గుడ్డకు పచ్చగా అంటింది, జాతర నాటి గంధం. తోకలు పోయాయి.

మొన్న కొత్త ఫోన్ చూద్దామని షాపుకెళ్తే కుర్రాడు 200 మెగాపిక్సెల్ అంటూ మొదలుపెట్టాడు. వాళ్ల గోడౌన్ తలుపు సగం మూసి, లోపలున్న అట్టపెట్టెల మీది అక్షరాలు చేత్తోనే పట్టుకుని తీసి చూపించమన్నాను. మూడు ఫోన్లు మార్చాడు. నాలుగోది చదవగలిగాను. దాని మెగాపిక్సెళ్లెన్నో అడగడం మర్చిపోయి వచ్చేశాను.