ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు: నాలుగేళ్లు ఎక్కి దిగాక

మా అమ్మాయికి వైజాగ్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఏడాదే, అంటే 2021లో, మా కర్నూలు పక్కనున్న ఓర్వకల్లుకు విమానం వచ్చింది. అంతకుముందు మాకు ఎయిర్‌పోర్టు అంటే శంషాబాదే. తెల్లవారుజాము ఫ్లైటు పట్టుకోవాలంటే అర్ధరాత్రే కారెక్కాలి. డ్రైవరు కునుకు తీయకుండా మూడు గంటలు అతనితో కబుర్లు చెప్పడం నా డ్యూటీ. విమానంలో గంట ప్రయాణం, దానికోసం ఒక రాత్రి నిద్ర. ఓర్వకల్లులో నాకు మిగిలింది ముఖ్యంగా ఆ నిద్రే.

ఎయిర్‌పోర్టు నంద్యాల రోడ్డులో, నన్నూరు టోల్‌గేటు దాటాక వస్తుంది. ఇంట్లో కాఫీ తాగి బయలుదేరితే ఆ వేడి దిగకముందే చేరతాం. దీనికి రెండుసార్లు ప్రారంభోత్సవం జరిగింది. 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రిబ్బన్ కత్తిరించారు. కానీ టికెట్లు అమ్మి జనాన్ని ఎక్కించాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు కావాలి, అది 2021 జనవరిలో గానీ రాలేదు. ఈలోగా ప్రభుత్వం మారింది. మార్చి 25న జగన్‌మోహన్ రెడ్డి మళ్లీ ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 28న ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరికి విమానం రావడానికి అన్నేళ్లు పట్టింది.

పేరు విషయంలో నాకు చాలా సంతోషం. కంపెనీ దొరల మీద తిరగబడి, 1847లో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన మనిషి పేరు మా జిల్లా ఎయిర్‌పోర్టుకు కాక దేనికి పెడతారు? కాకపోతే ఆటోవాళ్లకు ఆ పేరు చెబితే ఒక క్షణం ఆలోచిస్తారు. ‘ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు’ అంటే చాలు.

రన్‌వే పొడవు 2,000 మీటర్లు. నేను ఎక్కినవన్నీ ఏటీఆర్‌లే, రెక్కలకు పంకాలుండే 78 సీట్ల విమానాలు. మొదటిసారి చూసి మా ఆవిడ ‘ఇది నిజంగా ఎగురుతుందా?’ అంది. వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లు కాబట్టి మధ్య సీటు బాధ లేదు. ముందు వరుసల్లో పంకాల మోత ఎక్కువ, వెనక సీటు అడగండి. ఎక్కేది కూడా వెనక తలుపు నుంచే. పైన అరలు చిన్నవి, ట్రాలీ బ్యాగు పట్టకపోతే ట్యాగు కట్టి కింద వేస్తారు. టెర్మినల్ నుంచి విమానం దాకా నడక నాలుగడుగులు, ఎక్కడానికి ఐదారు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు శంషాబాద్‌లో వీల్‌చెయిర్ తప్పనిసరి. ఇక్కడ నా చెయ్యి పట్టుకుని తనే ఎక్కేసింది.

అమ్మ మొదటిసారి వచ్చినప్పటి సంగతి చెప్పాలి. మనవరాలికని ఒక సంచి నిండా సర్దింది. చెక్‌ఇన్ దగ్గర స్కానర్‌లో చూసిన అమ్మాయి, ‘అమ్మా, బ్యాగులో కొబ్బరి ఉందా?’ అని అడిగింది.

‘ఉంది తల్లీ. పచ్చిది కాదులే, ఎండుదే. కారదు’ అంది అమ్మ ధీమాగా.

‘ఆ ఎండుదే వద్దంటున్నామమ్మా.’

ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉన్న సరుకుల్లో దాన్ని కలిపారట, ఏ విమానంలోనూ పోనివ్వరు. అమ్మకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. ‘డెబ్బై ఏళ్లుగా డబ్బాలో పెడుతున్నా, ఒక్కనాడైనా అంటుకుందా?’ అంది. ఆ అమ్మాయి నవ్విందే కానీ విసుక్కోలేదు. మమ్మల్ని దింపిన మా బావమరిది ఇంకా బయటే ఉన్నాడు, నేను వెళ్లి గేటు దగ్గర ఆ పొట్లం అతని చేతిలో పెట్టి వచ్చాను. అంతా కలిపి ఐదు నిమిషాలు. పెద్ద ఎయిర్‌పోర్టులో అయితే అది చెత్తబుట్టలోకే పోయేది.

ఇక ఇబ్బందులు. విమానాలు తక్కువ, అసలు చిక్కంతా అక్కడే. మనకు వీలున్న రోజున ఫ్లైటు ఉండదు, ఫ్లైటు ఉన్న రోజున మనకు సెలవు దొరకదు. ఒకసారి ప్రయాణానికి ముందురోజు రాత్రి సర్వీసు రద్దయిందని మెసేజ్ వచ్చింది. డబ్బు వెనక్కి వచ్చింది కానీ, పొద్దున్నే అమ్మాయి హాస్టల్ ఖాళీ చేయాలి. ఆ రాత్రి బస్సుల్లో సీటు కోసం పడ్డ టెన్షన్ ఎవరు తీరుస్తారు? శంషాబాద్‌లో ఒకటి తప్పితే ఇంకోటి ఉంటుంది, ఇక్కడ తప్పితే బస్టాండే. ఇంకోసారి మబ్బు కమ్మి, పైన చాలాసేపు తిరిగి, దిగకుండానే వెనక్కి తీసుకెళ్లారు. మా రాళ్ల గుట్టలు కిటికీలోంచి కనబడీ కనబడకుండా జారిపోయాయి. అందులో ఎవరినీ అనడానికి లేదు.

టాక్సీది ఇంకో తంటా. ‘తిరుగు బేరం దొరకదు సార్’ అని రానూపోనూ కిరాయి అడుగుతారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది. దిగేవాళ్లే కొద్దిమంది, వాళ్లలో సగానికి సొంత కార్లు వచ్చి ఉంటాయి. నేను ముందే ఒకతన్ని మాట్లాడి పెట్టుకుంటాను.

చార్జీల గురించి చాలామంది అడుగుతారు. చిన్న ఊళ్లకు తక్కువ చార్జీతో విమానాలు నడిపే కేంద్రం ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి 2,500 రూపాయలని 2017లో చెప్పింది సగం సీట్లకే. ఆ తక్కువ రేటు వల్ల విమాన సంస్థకు పడే లోటును ప్రభుత్వాలు భరించేదీ మూడేళ్లే. ఆ మాట ఇప్పటికీ పట్టుకుని కూర్చుంటే కుదరదు, ముందుగా కొంటే గిట్టుబాటు, చివరి నిమిషంలో కొంటే చెయ్యి కాలుతుంది. 2025 జూలైలో విజయవాడ సర్వీసు కూడా మొదలైంది. రూట్లు, రోజులు మారుతుంటాయి కాబట్టి పోయినేడు ఎవరో చెప్పిన టైము నమ్మి బయలుదేరకండి.

మొత్తం మీద ఐదుకు మూడున్నర. అర మార్కు దిగేటప్పటి దృశ్యానికి ఇచ్చాను. గని, శకునాల అనే ఊళ్ల వైపు సోలార్ పలకలు నీళ్లు నిండిన చెరువులా మెరుస్తాయి. పక్కసీట్లో చెన్నై పెద్దాయన ఒకాయన ‘కర్నూలులో ఇంత పెద్ద చెరువుందా!’ అని ఆశ్చర్యపోతే, కాదని చెప్పడానికి కాసేపు మనసొప్పలేదు.

వచ్చే నెల మళ్లీ వైజాగ్ వెళ్లాలి. ఎండు కొబ్బరి మాత్రం ముందే ఆర్టీసీ కార్గోలో వేసేశాను.