కొత్త ఆల్బమ్‌ల ఛాలెంజ్: రోజుకొకటి కంటే వారానికి మూడే నయం

ఇంతవరకు వినని ఆల్బమ్‌లను ఒక లెక్క పెట్టుకుని వినడం, విన్నదాని మీద నాలుగు మాటలు రాసి నలుగురితో పంచుకోవడం. ఈ ఛాలెంజ్‌ను చాలాకాలంగా పాటిస్తున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఛాలెంజ్ చాలా మంచిది. కానీ అందరూ మొదలుపెట్టే ‘రోజుకొక ఆల్బమ్’ పద్ధతి వినడాన్నే దెబ్బతీస్తుంది. వారానికి మూడు, ఒక్కొక్కటి రెండేసి సార్లు వినాలి. నిలబడే లెక్క ఇదే.

ఆల్బమ్ నిడివి 45 నిమిషాలనుకుందాం. రోజుకొకటి చొప్పున ఒక్కసారి వింటే వారానికి 315 నిమిషాలు, అంటే ఐదుంబావు గంటలు. వారానికి మూడే తీసుకుని, ఒక్కొక్కటి రెండుసార్లు విని, రాయడానికి పదేసి నిమిషాలు వేసుకున్నా 300 నిమిషాలే. ఖర్చయ్యే సమయం దాదాపు సమానం, చేతికొచ్చేది మాత్రం వేరు. మొదటిసారి చెవికి దొరికేవి గొంతు, బీట్, పల్లవి. బేస్ ఎటు నడుస్తోంది, వెనక పాడుతున్న గొంతులు ఎప్పుడు వచ్చి చేరాయి, ఈ పాట తర్వాత ఆ పాటే ఎందుకు పెట్టారు అన్నవి రెండోసారికి గానీ తెలియవు. రోజుకొకటి వినేవాళ్లకు ఈ రెండోసారి ఎప్పటికీ రాదు. మర్నాటి ఆల్బమ్ అప్పటికే వరుసలో ఉంటుంది.

మొదలుపెట్టే ముందు యాప్ సెట్టింగ్స్ సరిచేసుకోవాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు, ఆ తర్వాత ఆల్బమ్‌లో లేని లోపాలను ఆల్బమ్‌కు అంటగడతారు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్) సున్నాలో ఉండాలి, లేకపోతే పాట చివరి సెకన్లను తర్వాతి పాట తినేస్తుంది. ఆటోప్లే ఆపాలి. ఆపకపోతే చివరి పాట అయిన వెంటనే యాప్ తనకు తోచిన పాటేదో అందుకుంటుంది. తెర చూడకుండా వినేవాళ్లు దాన్ని కూడా ఆల్బమ్‌లోదే అనుకుని రాసేస్తారు, ముగింపు ఎలా ఉందన్నది అసలు చెవిన పడదు. పాటల వరుసను కలగాపులగం చేసే షఫుల్ గుర్తును కూడా ఒకసారి చూసుకోవాలి. ఆల్బమ్ పేజీలో ప్రధాన బటన్‌గా ఉన్న షఫుల్‌ను స్పాటిఫై 2021 నవంబరులో తీసేసింది. అయినా వేరే జాబితాలో ఆన్ చేసిన షఫుల్ ఇక్కడికీ వచ్చేయవచ్చు.

శబ్దం స్థాయిని సమం చేసే సెట్టింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలమానం) స్థాయికి తెస్తుంది. ఆల్బమ్‌ను వరుసగా ప్లే చేస్తే ఆల్బమ్ మొత్తానికీ ఒకే సవరణ చేస్తుంది కాబట్టి, మెల్లగా ఉండాల్సిన పాట మెల్లగానే ఉంటుంది. అవే పాటలను షఫుల్‌లోనో ప్లేలిస్ట్‌లోనో పెడితే ఒక్కో పాటకు విడివిడిగా సవరిస్తుంది. అప్పుడు ఒంటరి గిటార్ పాట, దాని పక్కనున్న హోరు పాట ఒకే స్థాయిలో వినిపిస్తాయి. ఆ రెండిటి మధ్య కళాకారుడు ఉంచిన ఎత్తుపల్లాలు పోతాయి. అందుకే వారానికి వినాల్సినవన్నీ ఒకే ప్లేలిస్ట్‌లో పోయవద్దు. పేర్లు వేరేచోట రాసుకుని, వినేటప్పుడు ఆల్బమ్ పేజీ తెరవండి. సొంత ఫైళ్లు వాడేవాళ్లు తమ ప్లేయర్‌లో ఇదే పని చేసే రీప్లేగెయిన్ సెట్టింగ్‌ను ‘ట్రాక్’ నుంచి ‘ఆల్బమ్’కు మార్చాలి.

సొంత ఫైళ్లతో ఇంకో చిక్కుంది. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దపు అతిచిన్న కొలతల) ముక్కలుగా కోసి దాచుతుంది. ఆ ముక్కలు నిండడానికి పాట మొదట్లో, చివర్లో కొంత ఖాళీ చేరుతుంది. ప్లేయర్ ఆ ఖాళీని తీసేయకపోతే ఒకదానిలోంచి ఒకటి పుట్టే పాటల మధ్య చిన్న తెగుడు వినిపిస్తుంది. కచేరీ రికార్డింగుల్లో చప్పట్ల మధ్య ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. శబ్దంలో ఏమీ పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లలో ఈ బాధ లేదు.

ఏ రూపంలో వింటున్నారో కూడా ముందే తేల్చుకోవాలి. డీలక్స్ ఎడిషన్ అయితే అసలు ఆల్బమ్ ఎక్కడ ముగిసిందో చూసి అక్కడ ఆపేయండి. బోనస్ పాటలు, డెమోలు వరసగా వింటే చివరి పాట బరువు తెలియకుండా పోతుంది. ఆపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ (శబ్దం చుట్టూరా నుంచి వస్తున్నట్టు వినిపించే పద్ధతి) ‘ఆటోమేటిక్’లో ఉంటే, సరిపడే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకు అట్మాస్ మిక్స్ (గొంతు, వాద్యాల శబ్దాల కూర్పు) వినిపిస్తుంది. అది స్టీరియో మిక్స్ కాదు, విడిగా చేసినది. ఛాలెంజ్‌ను కలిసి చేస్తున్న బృందంలో ఇద్దరు గొంతు వెనక్కి వెళ్లిందా ముందుకొచ్చిందా అని వాదించుకుంటున్నారంటే ముందు ఈ సెట్టింగ్ చూడమనండి. అందరూ స్టీరియోకే కట్టుబడటం మేలు.

పాత ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు) కాలపు ఆల్బమ్‌లకు ఒక చిట్కా. 1948లో వచ్చిన 33⅓ ఆర్‌పీఎమ్ ఎల్‌పీలో ఒక్కో వైపుకు సుమారు 22 నిమిషాలు పట్టేవి. పాటల వరుసను ఆ విరామాన్ని దృష్టిలో పెట్టుకునే కూర్చేవారు. మొదటి వైపు ఆఖరి పాట ఒక ముగింపులా, రెండో వైపు మొదటి పాట కొత్త ఆరంభంలా ఉంటాయి. యాప్‌లో ఆ మలుపు కనబడదు. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆ ఆల్బమ్ ఎల్‌పీ పేజీ తెరిస్తే పాటల పక్కన ఏ1, బీ1 అని ఉంటుంది; బీ1 అంటే రెండో వైపు మొదటి పాట. బీ1 ముందు అరనిమిషం ఆపి చూడండి, నడిమధ్యలో డీలాపడినట్టు అనిపించిన ఆల్బమ్ నిటారుగా నిలబడుతుంది. 80 నిమిషాల పొడవాటి ఆల్బమ్‌లకూ ఇదే వైద్యం: రెండు విడతలుగా వినడం.

ఎంపికకు పెద్ద తతంగం అక్కర్లేదు. వారానికి ఒకటి కొత్తగా విడుదలైనది, ఒకటి మీరు వినని పాతది, ఒకటి మీకు అలవాటులేని శైలిలోదో భాషలోదో. వారం మొదట్లోనే మూడు పేర్లూ ఖాయం చేసేయాలి. అప్పటికప్పుడు వెతుకుతూ కూర్చుంటే వినాల్సిన గంట వెతకడంలోనే పోతుంది. 2015 జులై 10 నుంచి ప్రపంచవ్యాప్తంగా కొత్త విడుదలలకు శుక్రవారం ఖాయమైంది కాబట్టి, ఆ రోజు స్పందనలు వెల్లువెత్తుతాయి. విడుదలైన గంటకే రాసినవాటిలో అభిమానం, నిరాశ తప్ప సంగీతం గురించి ఉండేది తక్కువ. కొత్తదాన్ని ఆదివారానికి పెట్టుకోండి, అప్పటిదాకా ఎవరి అభిప్రాయాలూ చదవొద్దు.

మొదటి విడత కూర్చుని, ఫోన్ బోర్లించి వినాలి. మధ్యలో రాయకూడదు. ఒక వాక్యం టైప్ చేసేలోపు చరణం దాటిపోతుంది. గుర్తుంచుకోవాల్సింది తగిలితే పాట నంబరు, సమయం మాత్రం కాగితం మీద గీకాలి. అయిపోగానే రెండు వాక్యాలు. రెండో విడత మర్నాడో ఎల్లుండో వినాలి, వెంటనే వద్దు. ఈసారి ఆపుకుంటూ రాసుకోవచ్చు. నోట్సు ఎలా ఉండాలో ఒక నమూనా:

మొదటిసారి: “4వ పాట, 2:10 దగ్గర డ్రమ్స్ మొత్తం ఆగి గొంతొక్కటే మిగిలింది. ఉలిక్కిపడ్డాను.”

రెండోసారి: “1:50 నుంచే బేస్ పల్చబడుతోంది. 2:10కి గొంతు వెనక మిగిలింది డ్రమ్స్ ఒక్కటే, అవి కూడా ఆగాయి. 5వ పాట ఆ గొంతు వదిలిన స్వరం మీదే మొదలైంది.”

మొదటి నోట్సు చదివినవాళ్లకు మీకేమైందో తెలుస్తుంది. రెండోది చదివినవాళ్లు ఆ చోటికి వెళ్లి తామే విని చూస్తారు. పంచుకోవాల్సింది రెండూ, వరసగా. “ప్రొడక్షన్ బాగుంది”, “వైబ్ అదిరింది” లాంటి మాటలు ఏ ఆల్బమ్ కింద పెట్టినా అతుకుతాయి కాబట్టి వాటివల్ల ఎవరికీ లాభం లేదు. రీమాస్టర్లలో (పాత రికార్డింగును సరిచేసి మళ్లీ విడుదల చేసినవాటిలో) పాట నిడివి కొద్దిగా మారవచ్చు. సమయం రాసేటప్పుడు ఏ ఎడిషనో కూడా రాయండి.

పదికి మార్కులు వేసే అలవాటు మానేయమంటాను. కొన్ని వారాలకే అన్నీ ఏడు దగ్గర పేరుకుంటాయి, ఏడున్నరకూ ఏడుకూ తేడా ఏమిటో వేసినవాళ్లే చెప్పలేరు. మూడే తీర్పులు చాలు: మళ్లీ మొత్తం వింటాను, ఒకటి రెండు పాటలు ఉంచుకుంటాను, ఇంతటితో చాలు. తీర్పు రెండో విడత అయ్యాకే ఇవ్వాలి, ఆలస్యమూ చేయకూడదు. ఊరికే ఎదురుపడుతూ ఉన్నా వస్తువు మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించారు. ఐదారుసార్లు విన్నాక పుట్టిన ఇష్టంలో ఆల్బమ్ వాటా ఎంతో, అలవాటు వాటా ఎంతో విడదీయడం కష్టం. అందరికీ ఒకటే కొలత ఉండాలంటే రెండుసార్లే సరైనది.

బృందం నలుగురి నుంచి ఎనిమిది మంది వరకు ఉంటే చాలు. అంతకు మించితే మొదట రాసినవాళ్ల అభిప్రాయమే మిగతావాళ్లదీ అవుతుంది. దీనికి విరుగుడు, అందరూ నోట్సు విడిగా రాసుకుని ముందే అనుకున్న వేళకు ఒకేసారి పెట్టడం. ఎవరు ఏం వింటున్నారో బయటికి కనిపించకూడదనుకుంటే స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ ఉంది. విన్న పాటలను నమోదు చేసే లాస్ట్.ఎఫ్‌ఎమ్‌లో లెక్క చూసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాట సగమో నాలుగు నిమిషాలో, ఏది ముందైతే అంతవరకు నడిస్తే చాలు, విన్నట్టే నమోదవుతుంది. అది పూర్తిగా విన్నారనడానికి సాక్ష్యం కాదు. స్పందనను వీడియోగా పెట్టేవాళ్లు పాట మొత్తం వినిపిస్తే కాపీరైట్ ఉన్న పాటలను గుర్తించే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది. సమయం చెప్పి మాట్లాడటమే క్షేమం.

ఈ పద్ధతి అందరికీ నప్పదు. పనిచేసుకుంటూ వెనకాల సంగీతం ఉంటే చాలనుకునేవాళ్లకు భారంగా ఉంటుంది. ఒకే కళాకారుడి పనిని లోతుగా తవ్వాలనుకునేవాళ్లకు వారానికి మూడు కూడా ఎక్కువే, వాళ్లకు ఒకటి చాలు. ప్రయాణంలో వినేవాళ్లు బయటి రొదకు బేస్ వినబడక వాల్యూమ్ పెంచేస్తారు. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తరిగిపోతాయి. రొదలో వినక తప్పకపోతే రెండో విడతను అక్కడికి నెట్టండి, మొదటిది మాత్రం నిశ్శబ్దంలోనే.

నెలకోసారి ఒక వారం కొత్తవి ఆపేసి, ‘ఇంతటితో చాలు’ అని తోసేసినవాటిలోంచి మూడు తీసి మళ్లీ వినండి. పాత నోట్సు విన్న తర్వాతే తెరవండి. తీర్పు మారితే పాతది కొట్టేయకుండా దాని కిందే కొత్తది తేదీతో రాసి బృందానికి పంపండి.