రెడింగ్‌లో ఇల్లు కొంటున్నారా? ఎస్టేట్ ఏజెంట్ చూపించే "లోకల్" సాలిసిటర్‌తో జాగ్రత్త

కోపం ఇంకా చల్లారలేదు, మాట తూలితే ఏమనుకోకండి. ఇంగ్లండ్‌లో రెడింగ్ పక్కనే ఉన్న లోయర్ ఎర్లీలో మేం కొనబోతున్న ఇల్లు నిన్న చేజారింది. అమ్మేవాళ్ళు మంచివాళ్ళే. బ్యాంకు మార్ట్‌గేజ్ ఆఫర్ ఎప్పుడో ఇచ్చేసింది. సర్వేలో కూడా వెనక గోడకి కాస్త తేమ తప్ప ఏమీ బయటపడలేదు. ఇంత సవ్యంగా నడుస్తున్న బేరాన్ని చెడగొట్టింది మా తరఫున మాట్లాడమని మేం డబ్బులిచ్చి పెట్టుకున్న సాలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే లాయర్) ఆఫీసే.

పేరు రాయడం లేదు. కంప్లైంట్ పెట్టాం, అది తేలకుండా పేరు పెట్టి కొత్త తలనొప్పి తెచ్చుకోలేను. ఈ చుట్టుపక్కల ఇల్లు వెతికినవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. ఆఫర్ యాక్సెప్ట్ అయిందని చెప్పిన నోటితోనే ఏజెంట్ "మీకు సాలిసిటర్ ఉన్నారా? మావాళ్ళు లోకల్‌గానే ఉన్నారు, వాళ్ళతో అయితే పని త్వరగా తెమిలిపోతుంది" అంటాడు చూడండి, ఆ బాపతు.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మూడు బెడ్‌రూముల సెమీ (ఒక గోడ పక్కింటితో కలిసినది), ఫ్రీహోల్డ్ (స్థలంతో సహా మనదే), ధర 4,30,000 పౌండ్లు. మాకు మొదటి ఇల్లు. పది శాతం డిపాజిట్‌లో సగం మేం కూడబెట్టింది, సగం నాన్న ఇచ్చింది. తెనాలి దగ్గర పొలంలో కొంత అమ్మి పాతిక లక్షలు పంపారు. బ్యాంకు ద్వారానే పంపారు. పది లక్షలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) కూడా పట్టుకుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, అది వేరే విషయం. నేను చెప్పేది ఏంటంటే, ఆ డబ్బులో ప్రతి రూపాయికీ లెక్క ఉంది. కొన్నాయన సొమ్మంతా ఖాతాలోకే వేశాడు. పొలం బేరాల్లో సగం నల్లగా నడుస్తుందని అందరికీ తెలుసు కాబట్టే, నాన్న పట్టుబట్టి మరీ మొత్తం తెల్లగా తీసుకున్నారు.

ఇక ఆ "లోకల్" ఆఫీసు. స్టేషన్‌కి దగ్గర్లో బోర్డు ఉంది, అద్దాల తలుపు ఉంది, నవ్వుతూ పలకరించే రిసెప్షనిస్టు ఉంది. మా పాస్‌పోర్టులు కాపీ తీసుకోవడం తప్ప అక్కడ జరిగే పనేమీ లేదని తరవాత తెలిసింది. ఫైలు వెళ్ళేది ఎక్కడో ఉత్తరాన ఇంకో ఊళ్ళో ఉన్న ఆఫీసుకి. చూసేది సాలిసిటర్ కూడా కాదు, కేస్ హ్యాండ్లర్ అట. సాలిసిటర్ పర్యవేక్షణలో అలా చేయించడం ఇక్కడ తప్పేమీ కాదు. కాకపోతే మధ్యలో ఆ హ్యాండ్లర్ మానేశాడు, మాకెవరూ చెప్పలేదు, మేం మొదట్లోనే పంపిన కాగితాలు కొత్తగా వచ్చినామెకి "సిస్టంలో కనపడటం లేదు". పర్యవేక్షణ చేస్తున్న ఆ మహానుభావుడు ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

కాగితాలన్నీ మళ్ళీ పంపాం. నాన్న రాసిన గిఫ్ట్ లెటర్ (ఈ డబ్బు తిరిగి అడగను, ఇంట్లో నాకు వాటా అక్కర్లేదు అని), అమ్మిన దస్తావేజు కాపీ, సొమ్ము పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, మాకు పంపిన రసీదు. దస్తావేజు తెలుగులో ఉంది కాబట్టి సర్టిఫైడ్ అనువాదం చేయించి ఇచ్చాం, దానికి వేరే ఖర్చు. అప్పుడు మొదలైంది అసలు వేడుక. దస్తావేజులో నాన్న ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది, బ్యాంకులో పూర్తిగా ఉంది. "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అని ఒక ఈమెయిల్. సరే, అది మనవాళ్ళందరికీ మామూలే, ఆధార్ కాపీ పంపాం. ఆ తరవాత వచ్చింది ఇంకో ఈమెయిల్. హద్దుల దగ్గర "తూర్పు: పంట కాలువ, పడమర: ఫలానా వారి పొలం" అని ఉంటుంది కదా. ఆ పడమటి ఫలానా ఆయన ఈ లావాదేవీలో పార్టీయా, ఆయన ఐడీ ప్రూఫ్ ఉందా అని అడిగారు! గట్టు అవతల వరి వేసుకునే పెద్దాయన పాస్‌పోర్టు కావాలట రెడింగ్‌లో నేను ఇల్లు కొనడానికి. మా ఆయన చదివి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడే లేచి వేరే ఆఫీసు చూసుకోవాల్సింది, బుద్ధి లేకపోతే సరి.

ఒకటి ఒప్పుకోవాలి. డబ్బు ఎక్కడిదని అడగడం వాళ్ళ డ్యూటీ. 2017 నాటి మనీ లాండరింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం అడక్కపోతే వాళ్ళకే ప్రమాదం. అడిగినందుకు నాకు కోపం లేదు. నా మంటంతా ఆ తరవాత జరిగినదాని మీద.

నిన్న లంచ్ టైంలో ఏజెంట్‌కి నేనే ఫోన్ చేశాను, ఎక్స్ఛేంజ్ (ఇరువైపులా సంతకాలైన ఒప్పందాలు మార్చుకోవడం) ఎప్పుడు పెట్టుకుందాం అని. రోజూ హుషారుగా మాట్లాడే కుర్రాడు నసిగాడు. "మీకు తెలీదా? ఇల్లు మళ్ళీ మార్కెట్‌లో పెట్టాం. ఇంకొకళ్ళ ఆఫర్ తీసుకున్నారు కూడా" అన్నాడు. ఎందుకు అన్నాను. "మీ సాలిసిటర్ ఆఫీసే చెప్పింది కదా, మీ డబ్బు విదేశం నుంచి వచ్చిందనీ, అది ఎక్కడిదో తేలడం లేదనీ. అమ్మేవాళ్ళు భయపడ్డారు."

నా కాళ్ళ కింద నేల కదిలింది. ఎవరి సాలిసిటర్? మా సాలిసిటర్! మా నాన్న పొలం సంగతి, మా ఖాతాల సంగతి మోసుకెళ్ళి, ఇంటి అమ్మకందారు తరఫు మనిషికి చెప్పారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

వెంటనే వాళ్ళకి ఫోన్ చేశాను. ఆ దిక్కుమాలిన పియానో ట్యూన్ చాలాసేపు విన్నాక ఆ కొత్త కేస్ హ్యాండ్లర్ లైన్లోకి వచ్చింది. అడిగాను: మా విషయం ఏజెంట్‌కి ఎందుకు చెప్పారు? "చెయిన్‌లో అందరికీ అప్‌డేట్ ఇవ్వడం మా పద్ధతి" అంది. చెయిన్ అంటే ఒకదానికొకటి ముడిపడ్డ ఇళ్ళ అమ్మకాలు, కొనుగోళ్ళ వరస. మా అనుమతి ఉందా అన్నాను. "మీ ఏజెంటే మీకు మమ్మల్ని పరిచయం చేశారు కదా" అంది. ఆయన మా ఏజెంట్ కాదమ్మా, అమ్మేవాళ్ళ ఏజెంట్, ఆయనకి కమిషన్ ఇచ్చేది వాళ్ళు అని చెప్పాను. కాసేపు మాట లేదు. తరవాత చాలా ప్రశాంతంగా అన్నది ఇదీ: "నిజం చెప్పాలంటే, అమ్మేవాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని."

ఆ ఒక్క వాక్యం రాత్రంతా చెవుల్లో మోగుతూనే ఉంది. నేను ఫీజు కట్టిన మనిషి, నా మొహం మీదే, నా డబ్బుని నమ్మనని చెప్పింది. అనుమానానికి కారణం ఏంటని అడిగితే మాత్రం "రివ్యూలో ఉంది". ఇంకా రివ్యూలోనే ఉన్నప్పుడు తేలడం లేదని ఊరంతా ఎలా చెప్పారు?

సాయంత్రం నాన్నకి చెప్పక తప్పలేదు. ఎంత మెల్లగా చెప్పినా ఆయనకి అర్థమైంది. "నాది దొంగ డబ్బు అన్నారా అమ్మా?" అన్నారు. ఏం సమాధానం చెప్పను? అమ్మ ఫోన్ లాక్కుని ఇల్లు పోతే పోయింది, తిండి తిన్నావా లేదా అని అడిగింది.

ఇక్కడితో అయిందనుకున్నారా? ఈ ఉదయం బిల్లు వచ్చింది. మొదట చెప్పింది 950 పౌండ్లు, వ్యాట్ అదనం, "నో సేల్ నో ఫీ", అంటే కొనుగోలు జరక్కపోతే ఫీజు లేదు. ఇప్పుడు చూపిస్తున్న చిన్న అక్షరాల ప్రకారం, కొనేవాళ్ళ సొమ్ము విషయంలో ఇబ్బంది వచ్చి ఆగిపోతే ఆ హామీ వర్తించదట. ఇబ్బంది ఉందని ప్రచారం చేసింది వాళ్ళే, ఆ ఇబ్బంది పేరు చెప్పి ఫీజు అడుగుతున్నదీ వాళ్ళే. తెలివంటే ఇదీ! అది కాక గిఫ్టెడ్ డిపాజిట్ చెకింగ్‌కి 100, విదేశీ డబ్బు చెకింగ్‌కి 150, ఐడీ చెకింగ్ తలకి ఇంత అని, అన్నిటి మీదా 20 శాతం వ్యాట్. సెర్చ్‌లకి (ఇంటి గురించి ఆయా ఆఫీసుల్లో చేయించే వాకబులకి) కట్టింది ఎలాగూ పోయింది. కౌన్సిల్ సెర్చ్ అయినా, నీళ్ళూ డ్రైనేజీ సెర్చ్ అయినా ఆ ఇంటికే, ఇంకో ఇంటికి పనికిరావు. సర్వే డబ్బులూ అంతే. ఇంగ్లండ్‌లో ఎక్స్ఛేంజ్ జరిగేదాకా ఎవరు వెనక్కి తగ్గినా రెండోవాళ్ళకి పైసా ఇవ్వక్కర్లేదు కాబట్టి అమ్మేవాళ్ళని అడగడానికీ ఏమీ లేదు.

అదే కోపంలో సాలిసిటర్ ఆఫీసు మొదటి లెటర్ మళ్ళీ తీసి చదివాను. వెనక పేజీలో ఒక లైను: మమ్మల్ని పంపినందుకు ఏజెంట్‌కి 350 పౌండ్ల రెఫరల్ ఫీజు ఇస్తారట. మా 950లో మూడో వంతుకి పైగా! రెఫరల్ ఫీజు ఉందని క్లయింట్‌కి చెప్పాలన్నది రూలు. చెప్పారు మరి, భూతద్దం పెట్టి చూస్తే కనపడేంత చక్కగా. ఆ లైను చదివాక నిన్నటి ఫోన్ కాల్ మొత్తం అర్థమైంది. వాళ్ళకి రేపు ఇంకో పది కేసులు పంపేది ఏజెంటు. నేను జీవితంలో ఒకసారి వస్తాను. ఎవరి మనసు నొప్పించకుండా చూసుకుంటారో మీరే చెప్పండి.

కంప్లైంట్ సంగతి, అవసరమైనవాళ్ళకి. ముందు ఆ ఆఫీసుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. తేల్చడానికి వాళ్ళకి ఎనిమిది వారాలు. తేల్చకపోయినా, తేల్చింది మనకి నచ్చకపోయినా, లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, ఫీజు లేదు, చివరి సమాధానం వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్ళాలి. క్లయింట్ విషయాలు బయటపెట్టడం సాలిసిటర్ల ప్రవర్తనా నియమాలకే విరుద్ధం కాబట్టి, సాలిసిటర్లని నియంత్రించే సంస్థ ఎస్‌ఆర్‌ఏకి కూడా రాస్తున్నాను. మా ఆయన "వదిలెయ్, ఇంకో ఇల్లు చూసుకుందాం" అంటున్నాడు. ఇల్లు చూసుకుందాం, ఇది మాత్రం వదలను.

మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఏజెంట్ చెప్పినవాళ్ళని పెట్టుకోవాల్సిన బలవంతం లేదు, ఎంత ఒత్తిడి చేసినా. మీ బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఒప్పుకున్నవాళ్ళ జాబితాలో) ఉన్నారా, ఎస్‌ఆర్‌ఏ కిందో కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ (ఇళ్ళ బదిలీ కాగితాల పని చేసేవాళ్ళని నియంత్రించే సంస్థ) కిందో రిజిస్టర్ అయి ఉన్నారా చూడండి. ఇండియా నుంచి డబ్బు వస్తోందని మొదటి ఫోన్‌లోనే చెప్పి, ఏయే కాగితాలు కావాలో, దానికి అదనంగా ఎంతో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆ ప్రశ్నకి తడబడితే అక్కడే ఆగిపోండి. ఫైలు ఎవరు చూస్తారో పేరు అడగండి, వీలైతే వెళ్ళి ఆ మనిషిని చూడండి. ఏజెంట్‌కి మా డబ్బు వివరాలు చెప్పొద్దని ఒక లైను రాసి పంపండి, నేను రాయలేదు.

ఇంకోటి, బిల్లు చూసిన చిరాకులో మర్చిపోయాను. ఆ ఆఫీసు ఫారంలో "ఫస్ట్ టైమ్ బయ్యర్: అవును/కాదు" అని ఒక టిక్ తప్ప ఇంకేమీ అడగలేదు. మనవాళ్ళలో చాలామందికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ ఉంటుంది, ఇక్కడ మొదటిసారి కదా అని టిక్ పెట్టేస్తారు. ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా, వారసత్వంగా వచ్చిన వాటా అయినా సరే, ఫస్ట్ టైమ్ బయ్యర్ కింద రారు, స్టాంప్ డ్యూటీలో ఆ రాయితీ రాదు. ఆ ఫ్లాట్‌లో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకన్నా ఎక్కువైతే ఇంగ్లండ్‌లో కొనే ఇంటి మీద 5 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ కూడా పడుతుంది. ఫ్లాట్ మీ ఆయన పేరునో మీ ఆవిడ పేరునో ఉన్నా అంతే. ఇప్పటి రేట్లలో మా 4,30,000 ఇంటికి ఫస్ట్ టైమ్ బయ్యర్ కట్టేది 6,500. ఫ్లాట్ ఉన్నవాళ్ళయితే 33,000. కంప్లీషన్ (ఇల్లు మన చేతికి వచ్చే రోజు) అయిన 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్న్ వెయ్యాలి. సాలిసిటర్ వేసినా తప్పుంటే వడ్డీ, పెనాల్టీ వచ్చేది కొన్నవాళ్ళ మీదికే. మీకు అక్కడ ఏమైనా ఉంటే వాళ్ళు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.